సంక్రాంతికి విత్తనం, ఉగాదికి పూత

పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో సగానికి పైగా టమాటా నారు గురించినవే. చలి తగ్గి, ఎండ కాస్త వెచ్చబడగానే మిద్దె మీది ఖాళీ కుండీలను చూసి ఏదో ఒకటి విత్తాలనిపించడం సహజమే. అయితే ఆ ఉత్సాహం ఏ తేదీన పుడుతుందన్న దాని మీదనే టమాటా కాపు చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, పెద్ద ఉత్తరాలను కుదించి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: కిందటి ఏడాది మంచిరోజని ఉగాది నాడు టమాటా విత్తనాలు చల్లాను. నారు చక్కగా మొలిచింది. పన్నెండు కుండీలలో నాటితే మొక్కలు నడుము ఎత్తు పెరిగి విరగబూశాయి. కాని ఒక్క పిందె నిలవలేదు. రోజూ పొద్దున్నే కుండీల కింద రాలిన పసుపు పూలను ఊడ్చి పోయడమే పనైంది. ఇది ఎరువు లోపమా, లేక విత్తనం నకిలీదా? ఈసారి ఎప్పుడు విత్తమంటారు?
ఒక గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాదు

సమాధానం: విత్తనంలో దోషం లేదు, ఎరువులో లోపం లేదు. పొరపాటంతా తేదీలోనే ఉన్నది. టమాటా విత్తే రోజును ఆ రోజు ఎండ ఎలా ఉన్నదో చూసి నిర్ణయించుకోకూడదు. ఆ మొక్క పూతకు వచ్చే నాటికి పగళ్ళూ రాత్రులూ ఎలా ఉంటాయో అంచనా వేసుకొని, అక్కడి నుండి వెనక్కి లెక్క కట్టుకోవాలి. విత్తిన నాటి నుండి నారు నాటడానికి 25 నుండి 30 రోజులు, నాటిన తరువాత మొదటి పూత రావడానికి మరో 30 రోజులు, వెరసి రెండు నెలలు పడుతుంది. మీరు మార్చి చివరలో విత్తారు కాబట్టి పూత మే చివరకు వచ్చింది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అనేవారు. రోళ్ళ మాట ఎలా ఉన్నా, ఆ ఎండలో టమాటా పుప్పొడి మాత్రం పనికిరాకుండా పోతుంది.

కారణాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవడం మంచిది. టమాటా పిందె కట్టడానికి రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం అన్నిటికన్నా అనుకూలం. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటి, కొన్నాళ్ళపాటు వరుసగా అలాగే ఉంటే పుప్పొడి గొడ్డుబోతుంది. అంతేకాక, మామూలుగా పుప్పొడి నిండిన పరాగకోశాల గొట్టం లోపల దాగి ఉండవలసిన కీలం, అంటే పుప్పొడిని అందుకొనే ఆడ కాడ, ఆ వేడికి పొడవు పెరిగి బయటికి పొడుచుకొని వస్తుంది. అప్పుడు ఉన్న కొద్దిపాటి మంచి పుప్పొడి కూడా దాని మీద పడదు. పిందె కట్టని పువ్వును మొక్క మోయదు. కాడ మీది కణుపు దగ్గర తెంపి రాల్చేస్తుంది. ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. పుప్పొడి తయారయ్యేది మొగ్గలో, పువ్వు విచ్చుకోవడానికి వారం పది రోజుల ముందు. అందువల్ల పూలు రాలడం మొదలైన తరువాత నీళ్ళు ఎక్కువ పోసినా, ఆకుల మీద చల్లినా ఆ పూలు దక్కవు. వాటి గతి అంతకు ముందే తేలిపోయింది. పూత రాలుతున్నదని ఎరువు వేయడం మరీ పొరపాటు. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకు మీదికే పోతుంది.

మన మైదాన ప్రాంతాలకు వేసవి టమాటా విత్తే కాలం జనవరి, ఫిబ్రవరి నెలలని సాధారణంగా చెప్తారు. పొలానికి ఆ లెక్క సరిపోతుంది కాని, మిద్దె తోటకు నేను అంత వెసులుబాటు ఇవ్వను. పగలంతా కాగిన సిమెంటు కప్పు రాత్రి పదింటి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. నల్లని గ్రో బ్యాగులో మట్టి ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి సంక్రాంతి పండుగ వెళ్ళిన వారంలోనే విత్తుకోండి. ఫిబ్రవరి రెండవ వారానికి నారు నాటడానికి సిద్ధమవుతుంది, మార్చి నడిమికి, అంటే ఉగాది చుట్టుపక్కల పూత వస్తుంది, ఏప్రిల్ ఎండలు ముదిరేలోపు రెండు మూడు గుత్తులు పిందె కట్టి ఉంటాయి. కట్టిన పిందెలు ఎండకు అంత సులభంగా రాలవు. అవి మే నెల దాకా పండుతూనే ఉంటాయి. మీరు ఉగాది నాడు చూడవలసింది విత్తనాన్ని కాదు, పూతను.

ఇందులో ఒక చిక్కు లేకపోలేదు. సంక్రాంతి రోజులలో హైదరాబాదులో రాత్రిళ్ళు చలి గట్టిగానే ఉంటుంది. టమాటా గింజ మొలవడానికి 24 నుండి 29 డిగ్రీల వెచ్చదనం బాగుంటుంది. అంత ఉంటే ఆరేడు రోజులలో మొలక వస్తుంది, 10 డిగ్రీల లోపు చలిలో దాదాపు మొలవదు. కాబట్టి విత్తిన ట్రేను పగలు ఎండ తగిలే చోట, రాత్రి వంటింట్లో ఉంచండి. మొలక వచ్చే దాకా దానికి వెలుతురు అవసరం లేదు, వెచ్చదనం ఉంటే చాలు. పది రోజులు పట్టినా కంగారు పడకండి.

నిండు వేసవిలో బజారుకు టమాటా ఎక్కడి నుండి వస్తున్నదని మీరు అడగవచ్చు. చాలావరకు మదనపల్లె వైపు నుండి. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి రాత్రులు మన రాత్రులకన్నా చల్లన. మదనపల్లె రైతు చేయగలిగిన పని కూకట్‌పల్లి మిద్దె మీద ఎందుకు సాధ్యం కాదంటే ఇదే కారణం. ఈ ఏడాది ఇప్పటికే ఫిబ్రవరి దాటిపోయినవారు తొందరపడకుండా గోంగూర, బెండ వంటివి వేసుకొని, టమాటాను మృగశిర కార్తె దాకా వాయిదా వేసుకోవడం మేలు.

ప్రశ్న: బజారులో కొన్న టమాటాలో గింజలు విత్తితే మొలుస్తాయా? మా నాయనమ్మ రామములక్కాయల గింజలను బూడిదలో కలిపి ఆరబెట్టేది. ఆ పద్ధతి మంచిదేనా?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మొలుస్తాయి. కాని బజారు టమాటాలలో ఎక్కువ భాగం సంకర రకాల పంట. వాటి గింజలు విత్తితే తరువాతి తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. కాయ పరిమాణం, తొక్క మందం, తెగుళ్ళను తట్టుకొనే గుణం ఏదీ తల్లి మొక్కలాగా ఉంటుందని నమ్మకం లేదు. సరదాకు రెండు మొక్కలు పెంచుకోవచ్చు, మిద్దె అంతా వాటికే అప్పగించవద్దు. ఏటా విత్తనం దాచుకోవాలనుకొంటే సూటి రకాలు, అంటే గింజ విత్తితే తల్లి మొక్కలాంటిదే వచ్చే రకాలు, తీసుకోండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వారి పూసా రూబీ, బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ వారి అర్క వికాస్, తమిళనాడు పెరియకుళం నుండి వచ్చిన పి.కె.ఎం. 1 అటువంటివి. మన నాటు టమాటా, ఆ పుల్లని చారు టమాటా, దొరికితే మరీ మంచిది.

గింజ తీసే పద్ధతిలో మీ నాయనమ్మగారి ఆలోచన సరైనదే. టమాటా గింజ చుట్టూ జిగురు పొర ఉంటుంది. పండులో అంత తడి ఉన్నా గింజ లోపలే మొలకెత్తకుండా ఆపడంలో ఆ పొరకూ పాలున్నది. బూడిద దాన్ని పీల్చి పొడిగా చేస్తుంది. ఇంతకన్నా శుభ్రమైన మార్గం పులియబెట్టడం. బాగా ముగ్గి, కొంచెం మెత్తబడిన పండును అడ్డంగా కోసి, గింజలను గుజ్జుతో సహా ఒక గాజు గ్లాసులోకి పిండి, కాసిని నీళ్ళు పోసి, మూత బిగించకుండా పలుచని గుడ్డ కప్పి ఉంచండి. రెండవ రోజుకు పైన తెల్లని నురగ, తరువాత బూజులాంటి తెట్టు కడుతుంది, పుల్లని వాసన వస్తుంది. ఇంట్లో వాళ్ళు ముక్కు మూసుకొంటే పని సాగుతున్నదనే అర్థం. మూడవ రోజు తెట్టు తీసివేసి నీళ్ళు పోసి కలపండి. గట్టి గింజలు గ్లాసు అడుగుకు చేరుతాయి, తాలు గింజలు తేలుతాయి. తేలినవి వంపేసి, మిగిలిన వాటిని చాయ జల్లెడలో కడిగి, పింగాణీ పళ్ళెంలో నీడన ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అతుక్కుపోయి ఊడిరావు. మూడు రోజులకు మించి నాననిస్తే గింజ గ్లాసులోనే మొలకెత్తుతుంది, జాగ్రత్త. ఆరిన గింజ మీద సన్నని నూగు కనిపిస్తుంది. తేమ తగలని సీసాలో పెడితే నాలుగేళ్ళ దాకా మొలిచే శక్తి ఉంటుంది. ఒక గ్రాముకు సుమారు 300 గింజలు తూగుతాయి కాబట్టి రెండు పండ్లు చాలు, వీధి అందరికీ పంచవచ్చు.

ప్రశ్న: నారుకు ఏ మట్టి వాడాలి? ఎంత లోతున విత్తాలి?
ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

సమాధానం: నల్లరేగడి మట్టి నారుకు వద్దు, ఆరితే పగులుతుంది, తడిస్తే గాలి ఆడదు. కోకోపీట్, బాగా చివికిన వర్మీ కంపోస్టు సమపాళ్ళలో కలిపితే సరిపోతుంది. కోకోపీట్ ఇటుకను నానబెట్టి వాడేముందు రెండు మూడు సార్లు మంచినీటితో కడిగి పిండండి. కొబ్బరి పీచులోని ఉప్పు పోకపోతే లేత వేళ్ళు మాడుతాయి. గుంతల ట్రేలో, లేదా అడుగున చిల్లు పొడిచిన కాగితపు కప్పులలో, అర సెంటీమీటరు నుండి ఒక సెంటీమీటరు లోతున గుంతకు ఒక గింజ వేసి, పైన పొడి మిశ్రమం పలుచగా చల్లి, చేత్తో మెల్లగా అదమండి. చెంబుతో నీళ్ళు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. పిచికారీ సీసాతో తడపండి, లేదా ట్రేను నీళ్ళ పళ్ళెంలో పెట్టి అడుగు నుండి పీల్చుకోనివ్వండి.

ప్రశ్న: విత్తిన వారానికి నారు దట్టంగా మొలిచింది. పదో రోజు ఉదయం చూస్తే ఒక మూలన మొక్కలు పడిపోయి ఉన్నాయి, సాయంత్రానికి సగం ట్రే పడిపోయింది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, మట్టిని ఆనుకొన్న చోట కాడ మాత్రం నీరు పట్టి దారంలాగా సన్నబడింది. రోజుకు మూడు పూటలా నీళ్ళు పోసి బిడ్డల్లాగా సాకినా ఇలా ఎందుకైంది?
ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

సమాధానం: మూడు పూటలా పోసిన నీళ్ళే కారణం. మీరు వర్ణించినది నారు కుళ్ళు తెగులు. పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు మట్టిలో ఉండి, తేమ ఎక్కువై గాలి ఆడనప్పుడు లేత కాడను మట్టి మట్టాన పట్టుకొంటాయి. పడిపోయిన మొక్క మళ్ళీ లేవదు. వాటిని చుట్టూ ఉన్న మిశ్రమంతో సహా తీసి పారవేసి, మిగిలిన వాటికి ఒక రోజు నీళ్ళు ఆపి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి. ఇక మీదట పొద్దున ఒక్కసారి, అదీ పై పొర ఆరితేనే, నీళ్ళివ్వండి. వేలు పెట్టి చూడటమే కొలత. సాయంత్రం తడిపితే రాత్రంతా మొదలు చెమ్మగా ఉండి తెగులుకు అనువవుతుంది.

మళ్ళీ విత్తేటప్పుడు పాత మిశ్రమం వాడవద్దు, ట్రేను సబ్బునీటితో కడిగి ఎండలో ఆరబెట్టండి, గింజలకు చిటికెడు ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ళను అణిచే మేలు శిలీంధ్రం) పొడి పట్టించి విత్తండి. అన్నిటికన్నా ముఖ్యం, పలుచగా విత్తండి. పది మొక్కలు కావలసినవారు ఇరవై గింజలు వేస్తే చాలు. దట్టంగా మొలిచిన నారు కంటికి పండుగే కాని, మధ్యన గాలి దూరదు. నేను కూడా ఒకసారి మొలక వెచ్చగా ఉండాలని ట్రే మీద తడి గోనెపట్టా కప్పి, పెళ్ళికి పొరుగూరు వెళ్ళి రెండు రోజులు ఆలస్యంగా తిరిగివచ్చాను. పట్టా ఎత్తి చూస్తే మొలకలన్నీ సేమ్యాలాగా తెల్లగా సాగి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నేల చీల్చుకొని మొదటి మొలక వంపు కనిపించిన గంటనే కప్పు తీయాలన్న పాఠం అప్పటి నుండి మరిచిపోలేదు.

ప్రశ్న: డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాను. మన ఊరిలోలాగే సంక్రాంతి వెళ్ళగానే కిటికీ దగ్గర కప్పులలో టమాటా విత్తాను. ఇప్పుడు మార్చి. మొక్కలు జానెడు దాటాయి కాని పాలిపోయి, సన్నగా సాగి, కిటికీ అద్దం వైపు వంగి ఉన్నాయి. బయట ఇంకా మంచు పడుతోంది. "ఇవి బతకవు అత్తయ్యగారూ, మే నెలలో నారు కొనుక్కుందాం" అంటున్నారు మా అల్లుడుగారు. వీటిని కాపాడే దారి ఉన్నదా?
ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, మీ అల్లుడుగారి మాటలో సగం నిజమే ఉన్నది. కాని మొక్కలను ఇప్పుడే పారవేయకండి. మన ఊరిలో ఎండకు భయపడి ముందుగా విత్తుతాము. అక్కడ మంచుకు భయపడి ఆగవలసి వస్తుంది. లెక్క మాత్రం ఒకటే, వెనక్కి కట్టే లెక్క. మధ్య న్యూజెర్సీలో మొక్కలను మాడ్చే చివరి రాత్రి మంచు సాధారణంగా ఏప్రిల్ చివరి నుండి మే మొదటి వారం మధ్య పడుతుంది. అక్కడి తోటవాళ్ళు చాలామంది మే రెండవ ఆదివారం, అంటే మదర్స్ డే, దాటితేగాని టమాటాను నేల మీద నాటరు. ఇంటి లోపల ఆరు నుండి ఎనిమిది వారాలు పెరిగిన నారు నాటడానికి సరిపోతుంది కాబట్టి, అక్కడ విత్తవలసిన సమయం మార్చి మూడవ వారం. మీరు రెండు నెలలు ముందున్నారు.

మొక్కలు సాగిపోవడానికి వయసొక్కటే కారణం కాదు. చలికాలంలో ఆ అక్షాంశాన పగలు చిన్నది, ఎండ వాలుగా పడుతుంది, ఇంట్లో హీటరు వేడి మాత్రం రాత్రింబవళ్ళు ఉంటుంది. వెచ్చదనం పెరగమంటుంది, వెలుతురు చాలదు. దాంతో మొక్క వెలుతురును వెదుక్కుంటూ ఒక్క కాడే పొడుగు చేస్తుంది. దీనికి మందు మామూలు తెల్లని ఎల్‌ఈడీ ట్యూబులైటు. ఆకులకు నాలుగు వేళ్ళ ఎత్తులో వేలాడదీసి రోజుకు 14 నుండి 16 గంటలు వెలిగించి, రాత్రి ఆర్పేయండి. మొక్క పెరిగేకొద్దీ దీపాన్ని పైకి లాగండి. మొక్కలున్న గది రాత్రి 16 డిగ్రీల దాకా చల్లబడినా మంచిదే, కాడ గట్టిపడుతుంది. పొద్దున ఒకసారి అరచేత్తో నారు తలలను మెల్లగా నిమరండి. ఆ కదలికకు కాడ కురచగా, లావుగా పెరుగుతుంది. చేతికి టమాటా ఆకు పసరు వాసన అంటితే మన ఊరు గుర్తుకు వస్తుంది, అది అదనం.

సాగిపోయిన మొక్కల విషయంలో టమాటాకు ఒక వరం ఉన్నది. కాడ మీద ఎక్కడ మట్టి తగిలితే అక్కడ వేరు పుడుతుంది. మీ మొక్కలను అడుగు ఆకులు తీసివేసి, లోతైన డబ్బాలలో, పై రెండు మూడు ఆకుల రెమ్మలు మాత్రమే బయటికి కనిపించేలా పాతిపెట్టండి. నాలుగు బతికినా చాలు. వాటికి తోడుగా ఈ వారంలో మరో పది గింజలు విత్తండి. మే నెలకు ఏవి ముందుంటాయో మీరే చూస్తారు. నా అంచనా ప్రకారం ఇప్పుడు విత్తినవే ముందుంటాయి.

ఆఖరు మాట బయటికి తీసుకుపోవడం గురించి. అద్దం వెనుక పెరిగిన ఆకుకు నేరు ఎండ తెలియదు. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లబారి కాగితంలాగా ఎండిపోతాయి. మే మొదటి వారంలో మొదటి రోజు గంటసేపు నీడన, గాలి తగలని చోట ఉంచి లోపలికి తీసుకురండి. రోజుకొక గంట పెంచుతూ, నాలుగో రోజు నుండి ఉదయపు ఎండ చూపిస్తూ, వారం పది రోజులలో రాత్రి కూడా బయటే ఉండేలా అలవాటు చేయండి. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే, అంటే మన లెక్కలో 10 డిగ్రీల కంటే, తగ్గని రోజులు వచ్చాకనే నేల మీద నాటండి.

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలు గుంటూరు నుండి వస్తున్నారు. నాటు టమాటా విత్తనాలు తెప్పించుకోవచ్చా? మా ఊరిలో ఎప్పుడు విత్తాలి?
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: పెట్టెలో పొట్లం కట్టి పంపించమనకండి. అమెరికాకు విత్తనం తెచ్చేవారు దానిని కస్టమ్స్ పత్రంలో చూపాలి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. లేకపోతే తీసి పారవేస్తారు, చూపకుండా దొరికితే జరిమానా వేస్తారు. పైగా టమాటా బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ భయంతో టమాటా, మిరప విత్తనాల మీద 2019లో అదనపు ఆంక్షలు వచ్చాయి. పెద్దవాళ్ళను విమానాశ్రయంలో సంజాయిషీ చెప్పుకొనే స్థితిలో పెట్టడం ఎందుకు? పుల్లని చిన్న టమాటా రకాలు అక్కడి విత్తన దుకాణాలలోనే దొరుకుతాయి.

కాలం విషయంలో మీరు ఎడిసన్ కన్నా హైదరాబాదుకు దగ్గర. మీ ఊరున్న డాలస్ ప్రాంతంలో చివరి మంచు సుమారు మార్చి నడిమికి పోతుంది, జూన్ వచ్చేసరికి రాత్రులు వేడెక్కి పూత రాలడం మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సందులోనే పూత పిందె కావాలి. అందుకని జనవరి చివరికల్లా ఇంటి లోపల దీపం కింద విత్తి, మార్చి చివర నాటండి. గుబురుగా పెరిగి ఒకేసారి కాసే పొట్టి రకాలు, చెర్రీ టమాటాలు మీకు అనుకూలం. ఆగస్టు దాకా తీగలాగా సాగి కాసే పెద్ద కాయ రకాలు నిరాశపరుస్తాయి.

ప్రశ్న: నారులోనే ఆకులు పైకి ముడుచుకొని, చిన్నవై, మొక్క గిడసబారుతోంది. కదిపితే తెల్లని చిన్న దోమలు లేస్తున్నాయి.
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ఇది ఆకుముడత వైరస్ తెగులు, మోసేది ఆ తెల్లదోమే. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. పీకి సంచిలో కట్టి పారవేయండి. నారు దశలో సోకితే ఆ మొక్క కాపుకు రాదు, కనికరం చూపి ఉంచితే మిగిలినవాటికి అంటిస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ తెల్లదోమ పెరుగుతుంది కాబట్టి, ముందుగా విత్తిన నారు ఈ బెడదను కూడా కొంత తప్పించుకొంటుంది. విత్తిన రోజు నుండి నాటే దాకా ట్రే మీద సన్నని నైలాను వల, పాత దోమతెర కాదు, తెల్లదోమ దూరలేని దగ్గరి కన్ను వల, గుడారంలాగా కప్పండి. పక్కన జిగురు పూసిన పసుపు అట్ట వేలాడదీయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి వారానికొకసారి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేయవచ్చు. దోమలు ఉండేది ఆకు అడుగునే. ఏటా ఇదే బాధ పడుతున్నారంటే, ఈ వైరస్‌తోపాటు ఎండుతెగులు, ఆకుమాడును కూడా తట్టుకొనే అర్క రక్షక్ సంకర రకాన్ని ప్రయత్నించండి. దాని విత్తనం మాత్రం దాచుకోవడానికి పనికిరాదు, ఏటా కొనుక్కోవాలి.

ప్రశ్న: నారు ఎప్పుడు, ఎంత కుండీలోకి మార్చాలి?
ఒక విద్యార్థి, అనంతపురం

సమాధానం: నాలుగైదు నిజమైన ఆకులు వచ్చి, కాడ పెన్సిలు సీసం కన్నా కాస్త లావెక్కాక, 25 రోజులు దాటిన నారును మార్చండి. మొదట వచ్చే రెండు సాదా ఆకులు బీజదళాలు, వాటిని లెక్కపెట్టవద్దు. ఒక మొక్కకు 15 నుండి 20 లీటర్ల కుండీ కావాలి. చిన్న కుండీ మీ ఊరి ఎండకు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, అలా ఆరుతూ తడుస్తూ ఉంటే కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంది. సాయంత్రం చల్లబడ్డాక, బీజదళాల పైదాకా మట్టిలోకి దించి నాటండి, ఆ రోజే పక్కన కర్ర పాతండి. తరువాత పాతితే వేళ్ళు తెగుతాయి. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టి, మట్టి మీద ఎండుటాకులు పరచండి. ఏప్రిల్ మొదలు నడిపొద్దున సగం నీడనిచ్చే ఆకుపచ్చ వల కప్పితే చాలు. ఇంకా ముందే కప్పితే పూత తగ్గుతుంది.

ప్రశ్న: మాది ఐదో అంతస్తు. మార్చిలో పూత బాగానే వచ్చింది కాని తేనెటీగలు ఇంత ఎత్తుకు రావడం లేదు. చేత్తో పరాగ సంపర్కం చేయాలా?
ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: గుమ్మడికి చేసినట్టు మగ పువ్వు, ఆడ పువ్వు వెదకవలసిన పని లేదు. టమాటా పువ్వులో రెండూ ఒక్కచోటే ఉంటాయి. పుప్పొడి పరాగకోశాల గొట్టంలో ఉండి, కుదుపు తగిలితే కిందికి రాలుతుంది. తుమ్మెదలు రెక్కల కండరాలను అదిరించి చేసేది ఆ కుదుపే, గాలి చేసేదీ అదే. పొద్దున ఎనిమిది నుండి పది గంటల మధ్య, మంచు చెమ్మ ఆరాక, గుత్తి కాడను చూపుడు వేలితో వీణ తీగలాగా రెండు మూడు సార్లు మీటండి. పువ్వు కింద బొటనవేలి గోరు ఉంచి మీటితే గోటి మీద సన్నని లేత పసుపు పొడి పడుతుంది. పొడి పడుతుంటే మీ పూత బాగున్నట్టు, వారంలో పిందె చూస్తారు. ఏప్రిల్ ముదిరాక ఎంత మీటినా గోరు శుభ్రంగానే ఉంటే, అప్పుడు మీటడం మానేసి ఉన్న కాయలకు నీళ్ళు తప్పకుండా చూసుకోండి.